ఒకే పందిట్లో రెండు కూడికలు

బాధలు ఎందుకొస్తాయో వివరించి చెప్పే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. ఇది ఇవాళ్టిదో నిన్నటిదో కాదు, ఉప్పెన వచ్చిన ఏడాది నుంచీ ఉంది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి ఎవరైనా "దీని వెనక దేవుడి ఉద్దేశం ఏదో ఉందమ్మా" అని మొదలుపెట్టారంటే, గ్లాసు కడిగే వంకతో నేను బయటికి వచ్చేస్తాను. ఉండిపోతే ఏదో ఒకటి అనేస్తాను. నా నోరు మంచిది కాదని మా సంఘంలో అందరికీ తెలుసు. ఆదివారం గుడికి వెళ్తాను, పాటలు పాడతాను, కానుక వేస్తాను. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ పాఠం మా ఇంటి ముందు వేసిన పందిట్లోనే అయిపోయింది.

మాది బందరు. నాన్న మిషను బడిలో మేష్టరు, సంఘంలో పెద్ద. పాస్టరు అయ్యగారు ఊళ్ళో లేని ఆదివారం ప్రసంగం నాన్నే చెప్పేవాడు. అమ్మ మాత్రం నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చెయ్యడానికి కూడా జంకేది. నాకు అప్పుడప్పుడే గుడివాడలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఒక రైసుమిల్లు ఆసామి ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉంటూ, సెలవులకి ఇంటికి వచ్చి పోతుండేదాన్ని. అక్కను దివిసీమలో ఇచ్చారు. నాగాయలంక దాటి ఇంకా కిందికి వెళ్ళాలి. రాత్రిపూట సముద్రం హోరు వినిపించే ఊరు. బావ అక్కడ బళ్ళో పంతులు, ఆదివారం ఆ ఊరి చిన్న గుళ్ళో వాక్యం చెప్పేదీ ఆయనే. వాళ్ళకి ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. పిల్లది అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది.

గాలివాన వచ్చిన శనివారం నేను బందర్లోనే ఉన్నాను. ఆ గాలి ఎలా ఉందో చాలామంది రాశారు, నేను రాయను. పెంకులు లేచిపోయాయి. మంచాన పడి ఉన్న నానమ్మ చుట్టూ అమ్మా నాన్నా నేనూ చేరి కూర్చున్నాం. నాన్న గొంతు పోయేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. తెల్లారేసరికి ప్రాణాలతో ఉంటే కృతజ్ఞత కూడిక పెడతానని మధ్యలో మొక్కుకున్నాడు కూడా. ఆపద గట్టెక్కిన ఇంటివాళ్ళు పందిరి వేసి, అయ్యగారిని పిలిచి, సంఘమంతా పాటలు పాడుతుంటే లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి, అందరికీ భోజనం పెట్టడం మాలో ఆనవాయితీ. వెనక సాయిబుల ఇంటికీ మాకూ మధ్య ఉన్న గోడ పెద్ద చప్పుడుతో కూలింది. అది అటు పడింది. మేం బతికాం.

దివిసీమ మీదికి సముద్రం వచ్చిందన్న మాట మాకు వెంటనే తెలియలేదు. టెలిగ్రాం లేదు, బస్సు లేదు, రోడ్డు మీద ఎక్కడ చూసినా చెట్లే. తెలిశాక నాన్నా నేనూ బయల్దేరాం. కొంతదూరం లారీ మీద, చాలా దూరం నడిచి వెళ్ళాం. చల్లపల్లి దాటాక నాన్న మాట్లాడటం మానేశాడు. అవనిగడ్డ దాటాక నేను పక్కలకి చూడటం మానేశాను. అక్క ఒక బడి వరండాలో కనిపించింది. ఎవరిదో మగవాళ్ళ చొక్కా వేసుకుని, కింద గోనెసంచి చుట్టుకుని కూర్చుంది. తుమ్మచెట్టు కొమ్మలు పట్టుకుని ఉండిపోయిందట. ఒళ్ళంతా ముళ్ళు గీరేసి, ఎండిన రక్తంతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాన్న ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఇద్దరు పిల్లల తల్లిని, ఆ మోకాలి లోతు బురదలో, నేను పట్టుకుంటానన్నా ఇవ్వకుండా మోసుకొచ్చాడు. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానంటే, మా నాన్న చెడ్డవాడని మీరు అనుకోకూడదు. చెడ్డవాడే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

బావా పిల్లలూ దొరకలేదు.

అక్కను ఇంటికి తీసుకొచ్చాక పలకరించేవాళ్ళు మొదలయ్యారు. వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంది, ఎవరూ అడక్కుండానే. ఇవి చివరి దినాల సూచనలమ్మా అని ఒకావిడ చెప్పింది. దివిసీమలో తాగుడూ విగ్రహాలూ ఎక్కువైపోయాయి, అందుకే తీర్పు వచ్చిందని ఇంకొకాయన చెప్పాడు. "మరి వాక్యం చెప్పుకునే మా బావ ఎందుకు పోయాడండీ?" అన్నాను. "మంచివాళ్ళని ముందే పిలుచుకుంటాడమ్మా" అన్నాడు ఆయనే, ఊపిరి తిప్పుకోకుండా. చెడ్డవాళ్ళు పోతే తీర్పట, మంచివాళ్ళు పోతే పిలుపట. అటు తిప్పినా ఇటు తిప్పినా వాళ్ళ వాదం గెలుస్తుంది. అయ్యగారు వచ్చి అక్క తల మీద చెయ్యి పెట్టి, తండ్రి తను ప్రేమించే బిడ్డనే కొడతాడని చాలా నెమ్మదిగా చెప్పారు.

"అయితే మమ్మల్ని ప్రేమించలేదన్నమాట అయ్యగారూ. మాకు పెంకులే పోయాయి" అన్నాను.

నాన్న గుడ్లురిమి "లోపలికెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. వాడే నయం, ఇల్లు కాలడం వల్ల కలిగిన మేలేమిటో కూర్చోబెట్టి చెప్పలేదు.

గుడివాడలో మా ఇంటి ఆసామి కూడా ఒక మాట అన్నాడు. "కర్మ టీచరమ్మా, ఎవరి కర్మ వాళ్ళది" అన్నాడు. నాకు అదీ నచ్చలేదు. కానీ ఆయన ఆ ఒక్క ముక్క అని ఊరుకున్నాడు. ఆ మర్నాడే మిల్లు లారీలో ఒక బస్తా సన్నబియ్యం మా ఇంటికి పంపించి, "మీ అక్కగారికండీ" అని కబురు పెట్టాడు. మా వాళ్ళు ఊరుకోలేదు, అదీ తేడా.

అక్క ఏడవలేదు. మాట్లాడలేదు కూడా. పెడితే రెండు ముద్దలు తినేది, పడుకోమంటే పడుకునేది. ఏడిస్తే బాగుండునని అమ్మ నా చెవిలో అనేది గానీ, ఏడవనిచ్చేదెవరు? చావింట్లో గుండెలు బాదుకుంటూ, పోయినవాళ్ళ మంచీ చెడ్డా తలుచుకుని రాగం తీసి ఏడవడం నమ్మకం లేనివాళ్ళ పద్ధతని మా గుళ్ళో నానమ్మ కాలంలోనే మాన్పించేశారు. పరలోకం ఉందని నమ్మేవాళ్ళు శోకాలు పెట్టకూడదట. ఎవరి గొంతైనా కాస్త పైకి లేచిందంటే చాలు, పక్కనున్నవాళ్ళు పాట ఎత్తుకునేవాళ్ళు. మా ఇంట్లో చావులన్నీ నేను చిన్నప్పటి నుంచీ పాటల కిందే చూశాను.

అలా ఉండగా ఒక రోజు నాన్న భోజనాల దగ్గర సంగతి బయటపెట్టాడు. అక్కకి ఒక దారి దొరికింది. సీమలో బతికి బయటపడ్డ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాక్యం చెప్పి ఓదార్చడానికి మిషను వాళ్ళు బైబిలు స్త్రీని వెయ్యబోతున్నారు. తెల్లచీర కట్టుకుని, సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఆ ఉద్యోగం మాలో విధవరాళ్ళకే ఇస్తారు. ఉండటానికి గది, నెలనెలా జీతం ఉంటాయి. అయ్యగారు సిఫారసు చేస్తే అయిపోతుంది. ఆయన చెయ్యడానికి సిద్ధమే. కాకపోతే అక్క ముందు సంఘం ఎదుట నిలబడి, తనకి జరిగింది దేవుడి చిత్తమని, ఆయన చేసింది మేలేనని సాక్ష్యం చెప్పాలి. తనే ఆదరణ పొందని మనిషి ఇంకొకళ్ళనేం ఆదరిస్తుంది అన్నారట అయ్యగారు.

"ఎప్పుడు చెప్పాలి?" అన్నాను.

"మొక్కుబడి ఉంది కదమ్మా. కృతజ్ఞత కూడిక ఇంక వాయిదా వెయ్యకూడదు. పోయినవాళ్ళకి ఆదరణ కూడిక కూడా పెట్టలేదు. వాళ్ళ ఊళ్ళో పెడదామంటే ఊరే లేదు. అయ్యగారికి ఆ ఒక్క పూటే ఖాళీ, మళ్ళీ సీమకి వెళ్ళిపోతున్నారు. రాటలూ తాటాకులూ దొరకడం కూడా కష్టంగా ఉంది. పనిలో పని, రెండూ ఒకే పందిట్లో కానిద్దాం" అన్నాడు నాన్న.

నాకు మొదట అర్థం కాలేదు. ఆదరణ కూడిక అంటే చావు జరిగిన ఇంట్లో పెట్టేది. బతికినందుకు పండగా, పోయినందుకు ఓదార్పూ ఒకేసారి పెడతాడట. నిజంగానే అంటున్నాడు. ముఖంలో ఎంత నిశ్చింత ఉందంటే, చాలా రోజులుగా చిక్కుపడిన ముడి ఏదో విప్పినట్టున్నాడు.

"నాన్నా, నీకేమన్నా మతి పోయిందా? అక్క ముందు కూర్చుని మనం బతికామని చప్పట్లు కొడతామా?" అన్నాను.

"దేవుడికిచ్చిన మాట నాకు తోచినప్పుడు తీర్చడానికి వీల్లేదు. దానికి ఒక దారి చూపించాలని నాకు లేదా? నేను పోయాక దాన్నెవరు చూస్తారు, నువ్వా?" అన్నాడు. అమ్మ తలొంచుకుని మజ్జిగ పోసింది. అక్క గోడకి ఆనుకుని అంతా వింటూనే ఉంది.

"సరేలే నాన్నా, చెప్తాను" అంది. ఇంటికి వచ్చాక అది తనంతట తను అన్న మొదటి మాట.

ఆ వారమంతా మా ఇంట్లో జరిగిన చర్చలు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కృతజ్ఞత కూడిక అయితే పలావు, కోడికూర. ఆదరణ కూడిక అయితే పప్పూ సాంబారూ చాలు. రెండూ కలిస్తే ఏం వండాలి? సంఘం పెద్దలు అరుగు మీద కూర్చుని దీని మీద అరపూట మాట్లాడారు. చివరికి పలావు, కూర మాత్రం వంకాయ అని తేల్చారు. పాటల్లో కూడా పేచీ వచ్చింది. డోలకు ఉండాలా వద్దా అంటే, మొదటి సగం వాయించి రెండో సగం పక్కన పెట్టాలని తీర్మానం. పిలుపులకి వెళ్ళినప్పుడు "ఏం కూడికండీ?" అని అడిగిన ప్రతి ఇంట్లోనూ నాన్న "రెండూనండీ" అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వబోయి, వెంటనే ముఖం దిగాలుగా పెట్టేవాళ్ళు. పలావుకి వాడింది గుడివాడ ఆసామి అక్క కోసం పంపిన బియ్యమే. వేరే బియ్యం ఎక్కడున్నాయి అప్పుడు?

నేను అక్కతో మాట్లాడటానికి చూశాను. "నువ్వు చెప్పొద్దు. నా దగ్గరికి వచ్చెయ్యి, గుడివాడలో గది ఉంది, ఇద్దరం పడుంటాం. నీకు తెల్లచీరా వద్దు, వాళ్ళ సంచీ వద్దు" అన్నాను. అక్క నా ముఖంలోకి చూసింది.

"ఎన్నాళ్ళుంటావే నాతో? రేపు నీకు పెళ్ళి కాదా? రెండు ముక్కలు అనేస్తే నాన్నకి బెంగ తీరుతుంది. అననీ" అంది.

ఆ రెండు ముక్కలు అక్క నోట వినడం నావల్ల కాదని నాకు తెలుసు. తన పిల్లలు నీళ్ళలో కొట్టుకుపోవడం మంచిదేనని కన్నతల్లి చేత అనిపించి, దానికి కూలిగా ఒక గది ఇస్తారా? రైతు దగ్గర పాలేరుని కూడా ఇంత నీచంగా కుదుర్చుకోరు. ఆ మాట నాన్నతో అన్నాను. ఆయన కండువా వేసుకుని పిలుపులకి వెళ్ళిపోయాడు.

కూడిక రోజు పొద్దున్నే జనం వచ్చేశారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. కూలిన గోడ ఇంకా ఎత్తలేదు కాబట్టి వెనకింటి సాయిబుల పిన్నిగారు ఇటుకల మీదుగా నడిచి వచ్చి చివర కూర్చుంది. అక్కను ముందు వరసలో కూర్చోబెట్టారు, అమ్మా నేనూ చెరో పక్కన. డోలకు మొదలైంది. తాళాలు, చప్పట్లు. ఉప్పెన తర్వాత అందరం కలిసి గట్టిగా పాడటం అదే మొదలేమో, ఎవరికి వాళ్ళు బతికిన సంతోషం గొంతులోకి వచ్చేసింది. వాళ్ళని ఏమనగలను? వాళ్ళ ఇళ్ళూ కూలాయి. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత నాన్న సాక్ష్యం. ఆయన మంచి వక్త, ఆ రోజు ఇంకా బాగా చెప్పాడు. గాలి ఎలా వచ్చింది, పెంకులు ఎలా లేచాయి, గోడ ఎలా ఊగింది అన్నీ చెప్పాడు.

"ఇటు పడితే మేం నలుగురం సమాధే! దేవుడు తన చెయ్యి అడ్డం పెట్టి దాన్ని అటు తోశాడు" అన్నాడు.

"స్తోత్రం!" అన్నారు జనం. అటు అంటే సాయిబుల వంటిల్లు. వాళ్ళ కోళ్ళగూడూ పొయ్యీ దాని కిందే పోయాయి. పిన్నిగారు చివర నుంచి నా వంక చూసి కనుబొమలు ఎగరేసింది. తర్వాతెప్పుడో అంది కూడా, "అయితే మీ దేవుడే తోశాడా అమ్మా మా పొయ్యి మీదికి? నేనింకా గాలి అనుకున్నానే" అని.

నాన్న ఆగలేదు. "ఆ రాత్రి నేను గుంపుగా అడగలేదు, ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పి అడిగాను. మా అమ్మను కాపాడు అన్నాను. నా భార్యను కాపాడు అన్నాను. నా చిన్నకూతురిని కాపాడు అన్నాను. కొట్టంలో ఉన్న నోరులేని గేదెను కూడా విడిచిపెట్టలేదు, దాన్నీ కాపాడమన్నాను. నేను అడిగినవాళ్ళలో ఒక్కళ్ళు తగ్గకుండా పొద్దున్నే నాకు అప్పగించాడు. గేదెతో సహా!"

"హల్లెలూయ!" పందిరి అదిరిపోయింది. డోలకాయన ఉత్సాహం పట్టలేక రెండు దెబ్బలు వేశాడు. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను, ఆ మాటలన్నీ విన్నాను. ఏం చెప్తున్నాడో ఆయనకి తెలియడం లేదు. అమ్మ తల పైకెత్తి ఆయన వంక చూసింది.

అయ్యగారు లేచి డోలకు పక్కన పెట్టమని సైగ చేశారు. ఇప్పుడు రెండో కూడిక. మాటల్లో బరువు తెచ్చుకుని, మన సహోదరి గొప్ప పరీక్షలో నిలిచింది, ఆమె నోట దేవుడు చేసిన మేలు విందాం అన్నారు. అక్క లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. చెప్పవలసిన ముక్కలు ఆమెకి వచ్చు, నాన్న రెండుసార్లు చెప్పించాడు కూడా. కానీ ఆమె జనం వైపు తిరగలేదు.

"నాన్నా, నా కోసం అడగలేదా?" అంది.

నాన్నకి వినిపించలేదో, అర్థం కాలేదో.

"ఇంట్లోవాళ్ళందరి పేర్లూ చెప్పి అడిగానన్నావుగా. గేదె కోసం కూడా అడిగానన్నావు. నా కోసం అడగలేదా? నా పిల్లల కోసం అడగలేదా నాన్నా?"

నాన్న అయ్యగారి వంక చూశాడు. అయ్యగారు సర్దబోయారు. "అమ్మా, సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు, మెత్తగానే.

"చెప్తున్నానండీ అయ్యగారూ. మేమూ అడిగాం. మీరనుకోకండి అడగలేదని. మా ఆయన పిల్లని ఎత్తుకుని నిలబడి కేకలు పెట్టి అడిగారు. నేనూ అడిగాను. పిల్లాడు కూడా అడిగాడండీ. వాడికి ఒక్క ప్రార్థనే వచ్చు, అన్నం ముందు చేసేది. నీళ్ళు ఇంట్లోకి వచ్చేస్తుంటే చేతులు జోడించి, కళ్ళు మూసుకుని అదే చేశాడు. ఈ ఆహారాన్ని దీవించు ప్రభువా అని." అక్క గొంతు ఎక్కడా పెరగలేదు. "ఇప్పుడేం చెప్పమంటారు? బందర్లో నాన్నది విన్నాడు, మాది వినలేదు అని చెప్పనా? మాదీ విన్నాడు గానీ ఊరుకున్నాడు అని చెప్పనా? ఏది చెప్తే మంచిదో మీరే చెప్పండి, అదే అంటాను."

పాపం అయ్యగారు కూడా మంచివారే, ఆయన పెదాలు కదిలాయి. ఇంతలో మగవాళ్ళ వైపు నుంచి ఎవరో, అలవాటు కొద్దీ, పాట ఎత్తుకున్నారు. పదిమంది అందుకున్నారు. నాకు లేచి ఆ డోలకు పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడు అమ్మ గుండె మీద కొట్టుకుంది. ఎన్నడూ నలుగురిలో నోరెత్తని మనిషి. "అయ్యో నా తండ్రీ! అన్నం ప్రార్థన చేసుకుంటూ పోయావా నా బంగారూ! ఏ ముద్ద దొరికిందిరా నీకు? ఉప్పునీళ్ళు తాగావా నాయనా!" అని రాగం తీసింది. మా అమ్మకి ఆ రాగం వచ్చని నాకు తెలియనే తెలియదు. పాట గట్టిగా పాడి కప్పేద్దామని చూశారు. అమ్మ ఆగలేదు. వెనక వరసలో ఒక ముసలమ్మ అందుకుంది, తర్వాత ఇంకొకామె. సాయిబుల పిన్నిగారు లేచి వచ్చి అక్క నడుం చుట్టూ చేతులు వేసి తనూ మొదలుపెట్టింది. ఆడవాళ్ళ వైపు అంతా ఒకటే ఏడుపు. వాళ్ళ వాళ్ళ చావులు కూడా అందులో కలిశాయి, ఎన్నో ఏళ్ళుగా పాటల కింద తొక్కిపెట్టినవి. పాట ఎక్కడో ఆగిపోయింది. అక్క అమ్మ ఒళ్ళో పడి ఏడ్చింది. అన్నాళ్ళకి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. క్రైస్తవులు బాధలో ఉన్నవాళ్ళకి ఏం చెయ్యాలి అని నన్నెవరైనా అడిగితే నాకు తెలిసింది ఇదొక్కటే, మీరు నోరు మూసుకోండి, లేదా వాళ్ళతో పాటు నోరు తెరిచి ఏడవండి. అది చెయ్యడానికి ఆ రోజు పందిట్లో ప్రసంగం నేర్చిన ఒక్కరి వల్లా కాలేదు.

తర్వాత భోజనాలూ జరిగాయి. జరగక? వండింది చల్లారిపోతోంది. ముక్కులు తుడుచుకుని అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. వంకాయ కూరలో కాస్త ఉప్పు తక్కువైందని ఎవరో అనడం కూడా విన్నాను.

బైబిలు స్త్రీ ఉద్యోగం అక్కకి రాలేదు. ఈమెకి ఇంకా సమయం కావాలి అన్నారు అయ్యగారు. ఇంకొకావిడను వేశారు. ఆవిడ కూడా ఏదో పోగొట్టుకున్న మనిషే, చెప్పమన్నది చెప్పింది. ఆవిడను నేనేమీ అనను, ఆవిడకీ గది కావాలిగా. అక్క నాతో గుడివాడ వచ్చేసింది. కుట్టుమిషను నేర్చుకుని జాకెట్లు కుట్టింది. మా ఇద్దరి మధ్యా ఎన్నో పోట్లాటలు అయ్యాయి, అవన్నీ మామూలువే. గుడికి నాతో వచ్చేది. ప్రార్థన చేసేటప్పుడు అందరితో పాటు తల వంచేది. లోపల ఏమనేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆ రోజు సాయంత్రం జరిగిందొకటి మాత్రం చెప్పాలి. జనం వెళ్ళిపోయారు. బయట మనుషులు పందిరి తాటాకులు దించుతున్నారు. అక్క వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను గడప మీద కూర్చున్నాను. నాన్న లోపల నుంచి వచ్చి, కుర్చీ ఉన్నా కింద, అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"లేదమ్మా. నీ కోసం అడగలేదు" అన్నాడు.

అక్క తల తిప్పి ఆయన వంక చూసింది.

"నా కళ్ళ ముందున్నవాళ్ళే కనిపించారు. గోడ ఊగుతుంటే ఇంకేం తోచలేదు. నువ్వు వేరే ఇంట్లో ఉన్నావు అని కూడా అనుకోలేదమ్మా. నువ్వు గుర్తే రాలేదు. ఒక్కసారి తలిచి ఉంటే, ఒక్క మాట అడిగి ఉంటే..." రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా నాన్న ఏడవగా అంతకు ముందు నేను చూడలేదు.

అక్క ముందుకు వంగింది. తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది. కోపం లేదు ఆ చేతుల్లో. ఆయన మీద జాలి తప్ప ఇంకేం లేదు.

"ఊరుకో నాన్నా. నువ్వు అడిగినా పోయేవాళ్ళే" అంది.

ఓదార్పుగానే అంది. నాన్న దిగ్గున తల ఎత్తాడు. అప్పటిదాకా లేని భయం ఆయన కళ్ళలో కనిపించింది. అక్క చెయ్యి పట్టుకుని, "అలా అనకమ్మా" అన్నాడు. "నా తప్పేనని అను. నేను అడగకపోబట్టే పోయారని అను, నన్ను తిట్టు, పడతాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ మాట మాత్రం అనకు."

అక్క ఆయన ముఖం తుడుస్తూనే ఉంది గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదు.